తీయని దండ

మొన్న దీపావళికి కట్టింది కాదు,
అంతకు ముందరి దీపావళిది.
ఎలిఫెంట్ గేట్ దగ్గర తోపుడుబండి వాడు
నూట నలభై చెప్తే నూటికి దించి
మునిరత్నం తెచ్చిన యాభై బల్బుల తీగ.
పండగ మర్నాడు తీసేద్దామనే స్టూలెక్కాను.
కుక్కరు కూతపెట్టింది, దిగాను.
అంతే. మళ్లీ ఎక్కలేదు.

కార్తీకం వెళ్లేదాకా ఎవరూ అడగలేదు.
డిసెంబర్లో ఎదురింటి స్టెల్లా కాగితం నక్షత్రం వేలాడదీస్తే
మాదీ దాన్లో కలిసిపోయింది.
పొంగల్ కూడా ఎలాగో దాటింది.
మాసి నెలలో పట్టుకుంది ఓనరమ్మ, మెట్ల మీద:
"ఏం పండగ మీకు?"
ఫాల్స్ కుట్టే సూది పెదాల మధ్య ఉంది కాబట్టి
జవాబు తప్పించుకున్నాను.
ఆ నెల కరెంటు చీటీలో
యూనిట్ ఎనిమిది కాస్తా తొమ్మిదైంది.

చెప్పడానికి పెద్ద కారణం కూడా లేదు.
పెరంబూరులో మా గదికి ఒకటే కిటికీ,
అది పక్కింటి గోడలోకి చూస్తుంది.
వీధివైపు ఉన్నదల్లా
ఇద్దరు కూచుంటే మోకాళ్లు తగిలే వరండా,
దానికో ఇనప గ్రిల్లు.
ట్యూబ్‌లైటు వేస్తే అన్నీ కనిపిస్తాయి:
చెమ్మకి ఉబ్బిన సున్నం,
డబ్బాలో అడుగంటిన కందిపప్పు,
రేపటికి ఇవ్వాల్సిన పదహారు చీరలు,
ఆయన బొటనవేలి మీద వెల్డింగు మచ్చ.
ఆడపడుచులాగ, దేన్నీ దాచుకోనివ్వదు.
ఈ తీగ అలా కాదు.
చూపించాల్సినంత చూపించి
మిగతాది చీకటికి వదిలేస్తుంది.

నైట్ షిఫ్టు లేని రోజు
ట్యూబు ఆర్పేసి వరండాలో తింటాం.
కంచంలో చారన్నం ఎర్రబడుతుంది, పచ్చబడుతుంది,
నీలమవుతుంది.
నీలం అన్నమంటే ఆయనకి అసహ్యం,
ఆ రంగు పోయేదాకా ముద్ద ఎత్తి ఆగుతాడు.
"తీయని దండ" అని పేరు పెట్టాడు, తీయలేదు కనక.
నాకి చూశావా, అంటాను.

స్టెల్లా కూతురు జెర్లిన్
పళ్లు తోముకుంటూ మా బల్బులు లెక్కపెడుతుంది.
నీళ్ల పంపు దగ్గర నాకు రిపోర్టు:
"అక్కా, ఇవాళ నాప్పత్తి మూణు."
రాత్రికి నేను తెలుగులో లెక్కపెట్టాను.
నలభై మూడే.

సిలిండరు కుర్రాడికి, బిరియానీ కుర్రాడికి
ఫోన్లో వీధంతా చెప్పే గుర్తు ఒకటే,
మిషను ఆపి వింటుంటాను:
లైట్లేసిన ఇల్లు దాటి ఎడమకి.
నా పేరు ఒక్కరికీ తెలీదు.
పోనీ.

మొన్న తుపానుకి మూడు రాత్రులు కరెంటు లేదు.
మోకాలి లోతు నీళ్లలో వీధి,
ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ మా గుమ్మం దాకా వచ్చి
ఆలోచించుకుని వెళ్లిపోయింది.
మునిరత్నం ఫ్యాక్టరీలోనే చిక్కుకున్నాడు.
ఫోను చచ్చిపోయింది.
రెండో రాత్రి ఎదురు చీకట్లోంచి జెర్లిన్ గొంతు:
"అక్కా! ఎన్ని?"
ఏం చెప్పను.
తడి గ్రిల్లు మీద చేయి వేసి
ఒక్కొక్క బల్బే తడుముకుంటూ పోయాను,
సూదిలో దారం ఎక్కించే వేళ్లు కదా, తప్పవు.
ఆరిపోయిందీ వెలిగేదీ
వేలికి ఒకేలా తగిలాయి.
"యాభై!" అని అరిచాను.
అటువైపు ఎవరో నవ్వారు, పిల్లో తల్లో.

నాలుగో సాయంత్రం కరెంటొచ్చింది.
నీళ్లు దిగి కొన్ని పోయాయి, ముప్ఫై ఎనిమిది మిగిలాయి.
మునిరత్నం వచ్చాడు, చెప్పులు లేకుండా.
స్నానానికి నీళ్లు కాగుతుంటే
కింద నుంచి ఓనరమ్మ కేక:
"ఆ మూల ఆరిపోయింది, చూడవేం?
మెట్లు కనపడక చస్తున్నా."

సరేనన్నాను.
యూనిట్ మాత్రం తొమ్మిదే.