నాలుగు బై మూడు

దేవరకొండ బస్టాండు ఎనుక, మిర్చిబజ్జీల బండి పక్కపొంటి
మా ఫ్లెక్సీ దుకాణం.
ఈ ఏడు నేను చానామందిని సాగదోలిన.

ఉగాది పోయినంక పాటల హేమనళిని.
ఆమె గొంతు రేడియోల వినుకుంటనే
మా అమ్మ కుట్టుమిషన్ తొక్కేది,
పల్లవికి ఒక చంక, చరణానికి ఒక అంచు.
ఆ దినం మిషన్ మీద బట్ట కప్పి
అన్నం తినలే.
"నాకు ఆమె ఏమైతదని" అన్నది తెల్లారి,
తనమీద తనే కోపానికొచ్చినట్టు.

ఎండలు ముదిరినంక విలన్ కోటిరత్నం.
సినిమాల ఆయన చచ్చినప్పుడల్లా ఈలలేసిన పోరగాండ్లే
ఇప్పుడు మీసాలు నెరిసి వచ్చి
"మంచి మనిషి అని రాయి చెల్లె" అన్నరు.

తొలకరికి నవ్వులాయన, సూరిబాబు.
ఎంత ఎతికినా నిమ్మళమైన మొకం దొరకలే,
ఉన్నయన్నీ పండ్లు బయటపెట్టినవే.
సంఘపోళ్ళు ఇరవై బై పది చెప్పిండ్రు.
"హాస్య చక్రవర్తి" అని ఎర్రక్షరాలు,
కింద మండలం లీడర్లు పద్నాలుగు మంది.
ఎవరి తల పెద్దగుండాలె అని గంటసేపు కొట్లాట.
చచ్చినాయన ఆగిండు
మౌస్ కింద, నవ్వుకుంట.

మీకు తెల్వదు గాని ఫైలు ఒక్కటే.
అవే రెండు దీపాలు, అదే తెల్ల పావురం,
అదే "తీరని లోటు".
నళినమ్మ మీద కోటిరత్నం, ఆయన మీద సూరిబాబు,
పొరలు పొరలుగ ఒకరి కింద ఒకరు పండుకొని ఉంటరు.
కన్ను బొమ్మ మీద నొక్కితే లేస్తరు,
మళ్ళ నొక్కితే పోతరు.

ఆ పొద్దుమూకే ఒక పిల్ల వచ్చింది,
చందంపేట దిక్కు, భుజానికి కాలేజీ బ్యాగు.
"మా తాత పోయిండక్కా. పిట్టల దొర ఈదయ్య."

ఈదయ్యనా!
ఖాకీ కోటు, చిరిగిన టోపీ, భుజాన కట్టె తుపాకి.
అంగడి నడుమ నిలబడి ఆయన అంటుంటే
కూరగాయలమ్మేటోళ్ళు తక్కెడలు దించేది:
"సాగర్ డ్యామంటే ఏందనుకున్నరు, నా కోటు!
ఇరవై ఆరు గేట్లు, ఇరవై ఆరు గుండీలు.
డిండి చెరువు మా బర్రెకు కుడితి గోలెం.
బాకీ కింద పట్నం నాకు రాసిస్తనన్నరు,
కాళ్ళు చాపనీకి జాగ సాలదని నేనే ఒద్దన్న."

ఒకపారి మా దుకాణం ముంగట ఆగి
ఆరబెట్టిన మొకాలన్నీ జూసి,
"ఈళ్ళంత నా జీతగాండ్లే.
ఇయ్యాల జీతాల రోజు, చిల్లర లేదు,
ఐదు రూపాయలుంటే ఇయ్యి బిడ్డా" అన్నడు.
పది ఇచ్చిన.

పిల్ల కాడ ఆధార్ కార్డు ఒక్కటే ఉన్నది.
కోటు లేదు, టోపీ లేదు, మొకానికి రంగు లేదు.
కెమెరాకు బెదిరిన ఎవరో ముసలాయన.
నేను సుత గుర్తువట్టలే.
ఇన్నేండ్లు చూసి నవ్విన గాని
ఆయన ఇంటి మొకం ఎన్నడు చూడలే.

"తుపాకి పెట్టొస్తదా అక్కా?"
నెట్ల ఎతికిన. అన్నీ ప్రాణం తీసేవే.
మా దుకాణం తలుపుచెక్కను ఫోటో కొట్టి
దాన్ని కోసి చేసిన, వంకరగ వచ్చింది.
"గిట్లనే ఉండె" అన్నది.

నాలుగు బై మూడు.
సూరిబాబు అంచుకు మిగిలిన ముక్క మీద కొట్టిన.
ఆమె పిడికిట్ల వంద, యాభై తీసుకున్న.
అబద్ధమెందుకు, సిరా పైసలు నేను కట్టాలె.

"పేరు కింద ఏం రాయాలె?"
చానసేపు గోళ్ళు కొరికింది.
"సాగర్ ఓనర్."
అన్నంక నవ్వింది. నవ్వు ఆగలే,
ఎక్కడ్నో అది ఏడుపైంది.
బజ్జీలాయన జల్లిగంటె పట్టుకొని తొంగిచూసిండు.

దీపావళి దాటినంక తుపాను.
వడ్లు కొనే సెంటర్ల కుప్పమీద సూరిబాబును కప్పిండ్రు
తలకిందులుగ.
ఆయన పండ్ల మీద నీళ్ళు నిలిచినయి.
ఈదయ్య ఏ కొట్టం మీద ఉన్నడో, అడగలే.

ఆ రాత్రి టీవీల సాగర్ చూపెట్టిండ్రు,
గేట్లన్నీ లేపి, తెల్లగ నురగ.
అమ్మ మిషన్ ఆపకుంటనే అన్నది:
"గుండీలు ఇప్పిండే ఈదయ్య.
ఉక్కపోసినట్టుంది."