రోగంలో పెద్దదాన్ని

క్లాక్స్‌విక్ ఆసుపత్రిలో గురువారం ఉదయం
రక్తం ఇవ్వడానికి పక్కపక్కనే కూర్చున్నాం
నేనూ, నా తమ్ముడు ఐబ్యోర్నూ.
రాత్రి వేసుకున్న మాత్రకీ సూదికీ మధ్య
పన్నెండు గంటలుండాలి.
ఆ లెక్క వాడికింకా కొత్త,
వేళ్ళు మడిచి చూసుకుంటున్నాడు.

నాకు అరవై ఏడు. వాడికి అరవై రెండు.
రోగంలో మాత్రం నాకు యాభై ఒకటి,
వాడు పదకొండు నెలల పసివాడు.

నాకు వచ్చినప్పుడు దానికి పేరు లేదు.
పదహారేళ్ళ పిల్ల రాత్రి రెండింటికి లేచి
గొర్రెల దొడ్డి గోడలో రాయి రాయికీ సున్నం కొడితే
వయసు అన్నారు.
తర్వాత నెలంతా గోడవైపు తిరిగి పడుకుంటే
అదీ వయసే అన్నారు.
మనసు విరిగిందన్నాడు పాస్టరు.
బద్ధకం అంది అమ్మ, మెల్లగా, తనకే చెప్పుకున్నట్టు.
దిగులుకని ఇచ్చిన మాత్రలు
నన్ను దిగుల్లోంచి ఎత్తి
చర్చి కప్పు మీద కూర్చోబెట్టాయి.
బైపోలార్ అన్న మాట నా చెవిన పడేసరికి
ఇరవై నాలుగు నిండాయి.
ఎనిమిదేళ్ళు.
ఆ వయసులో జనం చదువుకుంటారు,
ఎవర్నో ఒకర్ని కట్టుకుంటారు,
పడవ నడపడం నేర్చుకుంటారు.

వాడికి అన్నీ అయ్యాకే వచ్చింది.
ఓడ ఇంజనీరు, ముగ్గురు పిల్లలు, తీరిపోయిన ఇంటప్పు.
ఉన్నట్టుండి ఒకే వారంలో మూడు పడవలు కొన్నాడు,
ఐస్‌లాండ్ రేవుల్లో సగం మందికి ఫోన్ చేసి
చేపలు తనతోనే మాట్లాడుతున్నాయన్నాడు.
వాణ్ణి చూసి వయసు అని ఎవరూ సరిపెట్టుకోలేదు.
హెలికాప్టర్లో టోర్షావ్న్ తీసుకెళ్ళి
తల స్కాన్ తీశారు, థైరాయిడ్ చూశారు,
ఆయాసానికి వాడే స్టెరాయిడ్ల గురించి అడిగారు,
మెదడులో చిన్న నరమేదన్నా చిట్లిందా అని వెతికారు.
ఇంత ఆలస్యంగా మొదటిసారి వస్తే
ముందు వేరే దొంగలెవరైనా దూరారేమో చూడాలట.

ఇద్దరికీ మందొకటే. లిథియం. అదొక ఉప్పు.
నలభై మూడేళ్ళు ఆ ఉప్పు తిన్నాను,
విశ్వాసంగానే ఉన్నాను.
అదీ ఉంది, రెండుసార్లు తప్ప.
ఇప్పుడు కిడ్నీలు అలిసిపోయాయి,
రాత్రి నాలుగుసార్లు లేచి నీళ్ళు తాగుతాను,
కాఫీ సగం సాసర్లోనే.
"మెల్లగా తగ్గిద్దాం" అంటుంది డాక్టర్ మార్యున్,
నా మొదటి మాత్రనాటికి పుట్టనైనా పుట్టని పిల్ల.
వాడికేమో మొదలే సగం మోతాదు.
అరవై దాటిన ఒంట్లో మందు తొందరగా ఖాళీ కాదని
పిట్టకి గింజలు వేసినట్టు వేస్తోంది.
నేను దిగే మెట్టు మీదే
వాడు ఎక్కుతూ ఎదురయ్యాడు.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
మా దీవుల్లో మాన్లెక్కడివి?
ఈ గాలికి అందరం గడ్డే.

"నీదే నయం, నీకు అలవాటైపోయింది" అన్నాడు.
ఒళ్ళు మండింది.
పోగొట్టుకోడానికి నీకు ఏదో ఒకటి ఉంది కదరా
అనబోయి, ఊరుకున్నాను.
నర్సు పిలిచింది.
నడిసముద్రంలో వేలు తెగితే
తనే కుట్టేసుకున్న మనిషి
సూది చూసి నా మోచెయ్యి పట్టుకున్నాడు.
ఎడమ చెయ్యివ్వు, అన్నాను.
కూరలో ఉప్పు మానెయ్యకు.
మోకాలికి నొప్పి మాత్రలు అడక్కుండా వేసుకోకు, దీనితో పడవు.
వాంతులు పట్టుకుంటే ఆ రోజే ఫోన్ చెయ్యి.
ఇవేవీ నాకు ఎవరూ చెప్పలేదు.

బయట మంచు, అవతలి గట్టు కనపడదు.
మూడో పడవ ఇంకా అమ్ముడుపోలేదట,
రంగు వేస్తే ఎవరైనా కొంటారేమో అన్నాడు.
సరే, వేద్దాం.
పగటిపూట, ఇద్దరం,
రెండు గంటలకి మించకుండా.