ఎవురి సేతికి?

పర్లాకిమిడిలో ఆ వీధి కంటే ముందు
దాని వాసన ఎదురొస్తుంది.
కాలిన కొమ్ము వాసన,
మంగలి కొట్టూ కుంపటీ ఒకే గదిలో కాపురం పెట్టినట్టు.
బోర్డుల మీద ఒడియా, బేరాల్లో తెలుగు,
తిట్లు మాత్రం రెండిట్లో ఏది ముందు దొరికితే అది.

ఇళ్ళ లోపళ్ళు గీసే పని నాది.
ఇంటీరియర్ డిజైనర్ని అంటే
ధనుంజయ మహారణా కాసేపు ఆలోచించి
"అంటే ఇల్లు కట్టీసినాక వచ్చీదానివా?" అన్నాడు.
నా విజిటింగ్ కార్డు కూడా
ఇంత సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు.

మధురవాడలో పదకొండో అంతస్తు.
వంటింట్లో పన్నెండు సొరుగులు,
ఈగ వాలితే జారిపడేటంత తెలుపు.
వాటికి నల్లటి కొమ్ము పిడులు కావాలి.
లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను.
ఇంకా లేని వంటింట్లో
లేని కిటికీలోంచి
లేని ఎండ పడుతోంది గట్టు మీద.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని
"పొయ్యేదీ?" అన్నాడు.

పక్షి వద్దు, చేప వద్దు, లత వద్దు,
ఉత్త పిడి చాలన్నాను.
నలభై ఏళ్ళుగా కొంగల్నీ రొయ్యల్నీ లేపిన మనిషి
ఉత్తది చెయ్యడం చేతకాక
మూడ్రోజులు అవస్థ పడ్డాడు.
మొదటిదానికి ముక్కు మొలిచింది.
రెండోది తోక దాచుకోలేకపోయింది.
"ఏటి సెయ్యను, గీరిన కొద్దీ కొంగ వచ్చీస్తంది"
అని ఆకురాయిని తప్పు పట్టాడు.

నాలుగో పొద్దున
నేను కూర్చోక ముందే అడిగాడు:
"ఎవురి సేతికి?"
అందరి చేతికీ, అన్నాను.
"అందరి సెయ్యి నానెప్పుడూ సూళ్ళేదమ్మా."

కొబ్బరినూనె రాసి బొగ్గుల మీద తిప్పిన కొమ్ముకి
తడిగుడ్డ చుట్టి నా గుప్పిట్లో పెట్టాడు.
పట్టు, అన్నాడు.
సొరుగు లాగినట్టు కాదు,
సొరుగులో ఏం కావాలో తెలిసినట్టు పట్టు, అన్నాడు.
గుడ్డ విప్పేసరికి
నాలుగు వేళ్ళ లోయలు,
పెన్సిల్ పట్టి పట్టి కాయ కాసిన చోట చిన్న గుంట.
దాన్ని వెలుతురుకి ఎత్తితే
నలుపు లోపల ఎక్కడో తేనె రంగు చార.
మిగతా పదకొండూ దాని అచ్చే.

బిగించిన వారానికి సుహాసిని గారు వీడియో పంపారు.
ఆ వేళకి నేను ఆ వీధిలోనే,
ఆయన పీట పక్కనే ఉన్నాను.
"చూడ్డానికి చాలా బావున్నాయండీ,
కానీ మా వారి చేతికి చిన్నవి,
నాకూ గోళ్ళు తగులుతున్నాయి..."
ఆవిడ చెబుతూనే ఉన్నారు.
ఆవిడ వెనకాల, ఫ్రేము అంచున,
ఆకుపచ్చ గాజుల చెయ్యొకటి వచ్చింది.
చూడకుండానే మూడో సొరుగు లాగింది,
గరిటె తీసింది,
తుంటితో మూసి వెళ్ళిపోయింది.

ధనుంజయ ఫోన్ లాక్కున్నాడు.
"ఇదెవురు?"

తెలీదు.
ఆ ఇంటి గురించి నా దగ్గర నాలుగు పేజీల ఫారం ఉంది.
అయ్యగారి పొడవు, అమ్మగారికి పడని వాసనలు,
పిల్లవాడికి నచ్చిన నీలం,
కుక్క గిన్నె ఎంత వెడల్పో కూడా రాసుకున్నాను.
గరిటె ఎవరు తీస్తారని
ఎక్కడా గడి లేదు.

"ఇంకోపాలి ఎయ్యి."
వేశాను. మళ్ళీ వేశాను.
సుహాసిని గారి ఫిర్యాదు నాలుగుసార్లు వినపడింది,
నాలుగుసార్లూ ఆయన వినలేదు.
గాజుల చెయ్యి దగ్గర ఆపి
బొటనవేలితో తెర మీద రుద్ది చూశాడు,
నునుపు సరిపోయిందో లేదో అన్నట్టు.

"కొలత బాగానే ఉంది" అని ఫోన్ ఇచ్చేసి
పక్కన పెట్టిన రొయ్య అందుకున్నాడు.
మీసాలు అతకడం దానికి ఇంకా మిగిలుంది.
వెంట్రుక కంటే సన్నం, ఊపిరి తగిలితే వంగేంత.
నేను జవాబు రాస్తున్నాను, కొట్టేస్తున్నాను,
మళ్ళీ "మేడమ్" దగ్గర మొదలెడుతున్నాను.

పుటుక్కుమని మీసం విరిగింది.
తిట్టు ఈసారి
ఒడియాలో దొరికింది.