పదకొండో రాయి

వ్యానులో సీటు బెల్టు ముందు దానికి, తర్వాత నాకు.
నిద్రపోతున్న పసిదాన్ని ఊరు దాటించినట్టు
ఒక్క కుదుపూ తగలకుండా తేవాలి
ఈ గురుత్వమాపకాన్ని.
పెట్టెలో ఒక స్ప్రింగు, దాని కొసన చిన్న బరువు,
అంతే దాని సంసారం.

ఎట్నా ఉత్తరపు వాలులో
పదకొండో రాయి చిరినో వైన్ గది వెనక ఉంది.
పదహారేళ్ళుగా ఇదే రాయి, ఇదే ఇత్తడి మేకు.
మూడు కాళ్ళూ సర్ది, నీటిబుడగని నడిమధ్యకి తెచ్చి
ఊపిరి బిగబట్టి నిలబడతాను.
అడుగు కదిపినా అంకె చెదురుతుంది.
చిరినోకి తెలుసు. కోళ్ళని కూడా అవతలికి తోలేస్తాడు.

కంసాలి గురివింద గింజేసి బంగారం తూస్తాడు.
కొండ పళ్ళెంలో కూర్చోదు గనక
అది నన్నెంత గట్టిగా లాగుతోందో చూసి
కడుపులో ఏముందో లెక్కగడతాను.
ఎక్కడో తొమ్మిదో దశాంశం దగ్గర
ముల్లు కదిలితే
ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు.

కానీ ముందు తీసివేతలు.
చంద్రుడు లాగినంత తీసెయ్యాలి,
సూర్యుడి వాటా తీసెయ్యాలి,
మంచుంటే మంచు,
స్ప్రింగు ముసలిదై సాగిన సాగుడు,
చివరికి చిరినో బావిలో నీళ్ళు.
"బావి ఎలా ఉంది?"
వాళ్ళావిడ క్షేమం కన్నా ముందు ఇదే అడుగుతాను, సిగ్గులేకుండా.
"మూడు బారలు దిగిపోయింది వెనెరా,
హేజెల్ చెట్లు ఆకు ముడుచుకున్నాయి."

నీళ్ళు దిగితే బరువు తగ్గాలి.
అంకె పెరిగింది.
పెట్టె ఎత్తి, దించి, మళ్ళీ మట్టం కట్టి చూశాను.
పెరిగింది.
నేల ఉబ్బలేదు. గిన్నెలు గలగలమనలేదు.
పైన పొగ ఎప్పటి పొగే.
నీళ్ళు కానిదేదో
రెండు మూడు మైళ్ళ లోతున
ఖాళీ గదుల్లోకి రాత్రిపూట సామాను చేరేసినట్టు
చప్పుడు లేకుండా చేరింది.

చిరినో తలుపుకి ఆనుకుని నా ముఖమే చదువుతున్నాడు.
వాళ్ళ నాన్న తోట మీంచి ఒకసారి లావా నడిచింది.
ఆ నల్లగడ్డల్లో నలభై ఏళ్ళు రాళ్ళేరి
మళ్ళీ మొక్కలు పెట్టినవాడు.
ఇక్కడి మాటల్లో కొండ ఆడది.
"బయల్దేరిందా ఆవిడ?" అన్నాడు.

"ఎంత వచ్చిందో కొంత చెప్పగలను.
ఎప్పుడు లేస్తుందో, అసలు లేస్తుందో లేదో
అంకెకి తెలియదు."

"చుట్టమన్నమాట," అన్నాడు.
నవ్వలేదు.
గుప్పెడు హేజెల్ కాయలు నా జేబులో పోశాడు.
ఆ బరువుకి అంకె మారదు, నాకు తెలుసు.
అయినా తీసి గోడమీద పెట్టి
ఇంకొక్కసారి చూశాను.

సాయంత్రానికి మొదటి రాయి దగ్గరికి తిరిగి చేరాలి,
బయల్దేరిన చోటే కొలత ముగియాలి, అది నియమం.
కాయలు గోడమీదే మర్చిపోయాను.
మలుపు దగ్గర అద్దంలో చూస్తే
చిరినో బావిమీదికి వంగి
తాడు వదులుతున్నాడు,
బార తర్వాత బార,
తను చెప్పింది తప్పైతే బాగుణ్ణన్నట్టు.