రెండో మేకు

కుతైసిలో అంధుల బడికి నేను వడ్రంగిని.
జనవరిలో ఒకరోజు ఎతేరి టీచరు
అక్రోటు పలకొకటి చిత్రిక పట్టమంది.
"ఎక్కడా పేడు లేవకూడదు వాజా,
దీని మీద చూపులు నడుస్తాయి."

జానెడు ఎడంలో రెండు మేకులు కొట్టాను,
వాటికి వదులుగా ఒక దారపు ఉచ్చు.
ఉలిమొనతో దారం బిగలాగి చుట్టూ తిప్పితే
గాడి పడింది.
సున్నా కాదు, ఎవరో రెండు పక్కలా అదిమిన సున్నా.

"ఇదీ సూర్యుడు" అని
ఒక మేకు మీద జాబా వేలు పెట్టింది టీచరు.
వాడికి పదకొండేళ్ళు. సూర్యుడంటే వాడికి
పొద్దున బస్సులో కుడి చెంప,
సాయంత్రం తిరుగు బస్సులోనూ కుడి చెంపే.

గాడిలో గోళీ దొర్లించాడు.
"దగ్గరికొస్తే పరుగెత్తించు. దూరమైతే నడిపించు."
"ఎంత పరుగు?"
ఆ మాటకి నన్ను మొక్కజొన్నలు తెమ్మంది.

సూర్యుడి దగ్గర ఒక నెల: పొట్టిగా, వెడల్పుగా.
సూర్యుడికి దూరాన ఒక నెల: పొడుగ్గా, సన్నగా.
బద్దలతో దడి కట్టి
రెంటిలోనూ ఒక్క వరసగా గింజలు పరిచాం.
వాడు లెక్కపెట్టాడు, పెదాలు కదుపుతూ,
పొయ్యిలో కట్టె ఒకటి పూర్తిగా కాలిపోయేదాకా.
ఇక్కడ మూడువందల పన్నెండు.
అక్కడ మూడువందల తొమ్మిది.
"మూడు తగ్గాయి!"
గ్రహం తప్పు కాదురా, నా రంపం తప్పు.

నాలుగింతల దూరాన ఉన్నదానికి
ఏడాది ఎనిమిదింతలవుతుందని చెప్పింది టీచరు.
వాడు వేళ్ళు మడిచాడు.
"అయితే అక్కడ నాకు ఒక్క ఏడే నిండింది.
నాకింకా మాటలే సరిగ్గా రావు"
అని పగలబడి నవ్వాడు. గింజలన్నీ చెదిరిపోయాయి.

ఏరుతూ ఏరుతూ రెండో మేకు దగ్గర వాడి చెయ్యి ఆగింది.
"ఇక్కడెవరున్నారు?"
"ఎవరూ లేరు."
"ఏమీ లేదా? చిన్న రాయైనా?"
"ఖాళీ."
"మరి దారం దీన్ని కూడా పట్టుకునే తిరిగింది కదా!"
ఎతేరి టీచరు లేచి
పొయ్యిలో ఇంకో కట్టె వేసింది.
అప్పటికే మంట బాగానే ఉంది.

ఆ గింజలు కోళ్ళు తినేశాయి.
నెలాఖరున పలక ఖాళీ చెయ్యమన్నారు, అక్షరాలకి కావాలట.
పటకారు పట్టుకుని వంగాను.
సూర్యుడి మేకుకి తుప్పు మొదలైంది,
ఒక్క లాగుకి ఊడొచ్చింది.
రెండో దాని తల
వేళ్ళకి అరిగి, వెండి గుండీలా తళతళమంటోంది.

పటకారు జేబులో పెట్టుకున్నాను.