పదులు రెండు, ఒకట్లు ఏడు

ఇంటర్ మెమో చేత పట్టుకొని వచ్చి
పక్కింటి ఉరుకుందమ్మ అడిగింది:
"అక్కా, డీఎడ్ చేస్తే ఏమేమి కావచ్చు?"

బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను.
వెంటనే చెప్పలేకపోయినాను.

ఆదోనిలో మా కాలేజీ
మూతపడిన జిన్నింగు మిల్లు వెనక మూడు గదులు.
బ్యాచ్‌లో నలభై ఆరుమందిమి.
ఫొటోలో అందరం నవ్వుతున్నాం,
కెమెరా ఆయన "సార్లూ, మేడమ్‌లూ, ఇటు సూడండి" అన్నాడని.
మమ్మల్ని అట్లా పిలిచిన మొదటి మనిషి.

ఈ చివర నిలబడినోడు హుసేని.
ఇప్పుడు ట్రాక్టరు ట్రాలీల వెనక నెమళ్లు గీస్తాడు,
నెమలికి నాలుగు వందలు.
కింద ఓనరు పేరు మాత్రం
నాలుగు గీతల కాపీలో రాసినంత గుండ్రంగా.

విజయభారతి కాన్వెంటులో ఎల్‌కేజీకి చెబుతాది.
ఆరు వేలు. ఎండాకాలం అదీ లేదు.

శేక్షావలి సంఘాల అప్పు వసూలుకు పోతాడు.
మంగళవారం ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి
హాజరు పిలుస్తాడంట.
రాని పేరు కింద ఎర్ర గీత.

తిక్కస్వామికి వచ్చింది ఉద్యోగం. నిజంగానే.
హొళగుంద దాటినాక, పదకొండు మంది పిల్లల బడి.
వాడి పెండ్లికి అందరం పోయినాం.
అన్నాల దగ్గర ఎవరం మార్కుల మాట ఎత్తలేదు.

నేనా?
టెట్ పాసయినాను.
డీఎస్సీ ఒకసారి అర మార్కుతో పోయింది.
రెండోసారి సంగతి అడగొద్దు.
పత్తి కాలంలో మేస్త్రి నాగప్ప దగ్గర కాటా రాస్తాను,
కోసిగి దావలో, నల్లరేగడి చేలల్లో.
నోటుబుక్కు కొనలేదు,
ట్రైనింగులో మిగిలిన పాఠ్యపథకాల పుస్తకం ఉంది.
ఎడమ పక్క "ఉపాధ్యాయ కృత్యం" అని అచ్చు,
కుడి పక్క "విద్యార్థి కృత్యం".
ఎడమ పక్క పేరు రాస్తాను,
కుడి పక్క బరువు.

మొన్న బుధవారం. బడి ఉన్న రోజే.
ఈరమ్మ మూట దించింది. ఐదో తరగతి పిల్ల.
ముల్లు ఇరవై ఏడు కాడ ఆగింది.
"ఇరవై నాలుగు రాయమ్మా, తేమ తీసేయల్ల,"
మేస్త్రి మామూలుగానే అన్నాడు.
మాడు పగిలే ఎండలో ఏరిన పత్తికి
తేమ యాడిదని నేను అడగలేదు.
ఏ రోజూ అడగను.
రెండు వేసినాను.
నాలుగు వేయబోతున్నాను.

"అక్కా," అనింది పిల్ల,
వేళ్ల సందుల్లో పత్తికాయ గీసిన ఎర్ర చారలు,
"పదులు రెండు, ఒకట్లు ఏడు."

నేను నేర్పిందే.
వాళ్ల బడికి నలభై రోజులు పోయినప్పుడు,
కందిపుల్లలు పదేసి కట్టలు కట్టి, దారం చుట్టి.
చూడవచ్చిన సారు ఇరవైకి పదహారు వేసి
పక్కన రాసినాడు: స్వరం చిన్నది.

ఏడు వేసినాను.

మేస్త్రి ఏమీ అనలేదు. బీడీ ముట్టించుకున్నాడు.
ఆ పైన వచ్చిన మూటలకు
ముల్లుకు వీపు అడ్డం పెట్టి
తానే చదివి చెప్పినాడు.
శనివారం నా కూలిలో
మూడు కిలోల డబ్బు తక్కువ.

మరుసటి దినం కాటా దగ్గర
ఈరమ్మ అందరికంటే ముందు,
దాని వెనక ఇంకో నలుగురు.
మేస్త్రి వీపు ఎటు తిరిగితే
దానికి ఎదురు పక్కకు జరుగుతారు.
ఎవరూ రమ్మనలేదు.
గలాటా చేస్తుంటే, నోరు మూసుకోండని
నేనైతే అనలేదు.

"ఫీజు కట్టమంటావా, వద్దా?"
ఉరుకుందమ్మ ఇంకా గడపలోనే నిలబడింది.
చేటలో ఒక రాయి దొరికింది.
దాన్ని వాకిట్లోకి విసిరి అడిగినాను:
"నీ గొంతు ఏపాటిదే?
వీధి చివర సోడా బండికి వినపడేట్టు
ఇరవై ఏడు అను, చూద్దాం."