గోడ మీది ఆసియా

మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా దగ్గర
చెప్పుల దుకాణం పక్క మెట్లెక్కితే
రెండు టేబుళ్ల గది.
పైన రేకులు. ఎండాకాలం పచ్చబట్ట పెళుసెక్కి
బంతి చెప్పినదానికన్నా మూరెడు ఎక్కువే పోయేది.
వానకాలం అదే బంతి
బురదల పన్న బర్రె లెక్క మొండికేసేది.

స్కోరు బోర్డు వెనక గోడకు
పెన్సిలుతో రాసిన ఆసియా ఉండేది.

మార్కర్ షాబుద్దీన్ చిచ్చా రాత.
సాలు, ఊరు, ఫైనల్ల ఎవరికెన్ని ఫ్రేములు.
తెలుగు అక్షరాల బ్యాంకాక్, తెలుగు అక్షరాల దోహా,
కొలంబోకు కొమ్ము మరిచి కలంబో.
"ఎన్నడన్న పోయినవా చిచ్చా?"
"జడ్చర్ల దాటితేనే నాకు కడుపుల తిప్పుతది బిడ్డా."

ఛాంపియన్‌షిప్ ఆయనకు పేపర్ల వచ్చేది,
ఆటల పేజీ అడుగున
క్రికెట్ అంతా పారిపోయినంక మిగిలిన
బొటనవేలంత తడి జాగల.
ఒకసారి మిర్చీల పొట్లం విప్పితే దొరికింది:
గెలిచిన పిల్లగాని ఇంటిపేరు నూనెల కలిసిపోయింది.
గోడ మీద వాడు చివరిదాకా
ఇంటిపేరు లేనోడే.

పై వరుసలల్ల పెద్దమనుషులు, బొజ్జల మీద వెయిస్ట్‌కోటు గుండీలు.
కిందికి వచ్చేకొద్దీ వయసు తగ్గుకుంట పోయింది.
మీసం రాని పోరగాళ్లు వచ్చి
ఎర్రబంతులు రేగుపండ్లు ఏరినట్టు ఏరుకపోయిండ్రు.
బీమారి సాలుకు ఎదురుగ ఒక్కటే మాట:
కాలే.

మూడేండ్లకోసారి ఓనరు సున్నం కొట్టించేటోడు.
ఆరినంక చిచ్చా స్టూలెక్కి
మొదటి నుంచి మళ్లా రాసేటోడు,
ఏ కాగితం చూడకుంట, పదిహేడో ఎక్కం అప్పజెప్పినట్టు.
సున్నం సున్నానికి చరిత్ర కొంచెం జరిగేది.
ఎనిమిది–ఏడు ఒకపారి ఎనిమిది–ఆరయింది.
ఓడినోని ఫ్రేము ఏమైందని నేనడగలే.
తర్వాతి సున్నానికి అదే తిరిగొచ్చింది.

నాలుగో సున్నం మీద
ఏ పేపర్లా రాని వరుస కనబడ్డది,
గెలిచినోనికి ఓడినోనికి కింద, చిన్నగ:
బాలపీరు. నర్వ. పింకు. నడిమి జేబు.

బాలపీరు నాకెరుకే.
బస్టాండు వెనక వెల్డింగు పని.
రాత్రి షట్టరు సగం దించినంక ఎర్ర కండ్లతోని వచ్చి
రెండు గంటలు ఆడితే
చిచ్చా అర్ధగంటకే పైసలు రాసేటోడు.
అరువు తెచ్చిన క్యూ కర్రను
బోరు పైపు ముక్కల పెట్టుకొని, మూతి గుడ్డతో కట్టి
పట్నం పోయిండు, సెలక్షన్లకు.
అక్కడ గెలిస్తే రాష్ట్రం, ఆ పైన దేశం,
ఆ తర్వాత గద కలంబో.

ఆఖరి ఫ్రేముల పింకు
నడిమి జేబు పెదవి దాకా పోయింది.
పెదవి మీద కూసున్నది.

ఆఖరు బస్సుకు వచ్చిండు.
తెల్లారి మెట్లెక్కి, ఏమీ అనకుంట,
చిచ్చా స్టూలుకు విరిగిన కాలు అతికి పోయిండు.

"ఇది ఆసియా పట్టికల ఎందుకు చిచ్చా?"
క్యూ మొనకు సుద్ద రాసుకుంట అన్నడు:
"అది పడితే ఏడి దాకా పోయేటోడో నీకెర్కనా?"
"పడలే గద."
"పడలే. పేపరోడు రాయడు. ఇగ నేనే."

ఈసారి ఫైనల్
తెల్లబంతి ఆగకముందే నా ఫోన్ల పడ్డది.
ఎందుకో మెట్లెక్కిన.
టేబుళ్లు లేవు. ఒక్కోదానికి ఎనిమిది కాళ్లు,
పదహారు గుంటలు బండల మీద మిగిలినయి.
కుర్చీలల్ల పిల్లలు చెవులు మూసుకొని
తెరల మీద ఎవరినో కాలుస్తున్నరు.

గోడ పుట్టీతో నున్నగ ఉంది.
వేలు ఆనిచ్చి లెక్కపెట్టిన:
కింది నుంచి నాలుగు వరుసలు,
కిటికీకి జానెడు ఇవతల.
సరిగ్గ నర్వ ఉండాల్సిన కాడ
చార్జర్లకు స్విచ్చు బోర్డు బిగించిండ్రు.
ఒక ఫోను వేలాడుతుంది,
ఇంకా పన్నెండు శాతమే ఎక్కింది.